టీవీలో నేనూ, కాలవ అవతల నా మినుమూ

మొన్న నేను టీవీలో మాట్లాడానండీ! మా మొవ్వలో అందరూ విన్నారు. అప్పటినుంచీ నా చేనుకి నేనే దొంగచాటుగా వెళ్ళొస్తున్నాను.

వరి కోశాక వేసిన మినుము ఆకులు పసుపు రంగుకి తిరిగిపోతున్నాయి. చూస్తూ కూర్చుంటే చేనంతా పోతుంది. ఒక ఛానల్లో రైతుల లైవ్ ప్రోగ్రాం వస్తుంది, ఫోన్ చేస్తే శాస్త్రవేత్తగారు జవాబు చెబుతారు. చేశాను. లైన్ కలిసింది!

"చెప్పండి బాబాయి గారూ, ముందు మీ టీవీ సౌండ్ తగ్గించండి" అంది యాంకరమ్మాయి.

కంగారులో సౌండ్ బటన్ కనపడలేదు, టీవీయే కట్టేశాను. చేను సంగతంతా గుక్కతిప్పుకోకుండా చెప్పాను. "థాంక్యూ అండీ, జవాబు టీవీలో చూడండి" అని ఫోన్ పెట్టేసింది.

మళ్ళీ టీవీ పెట్టాను. మా సెట్‌టాప్ బాక్స్ నిద్రలేచి ఒళ్ళు విరుచుకునేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోయింది. బొమ్మ వచ్చేసరికి ఆయన "...కాబట్టి ఆ ఒక్క పొరపాటు మాత్రం చెయ్యకండి" అంటూ నమస్కారం పెడుతున్నారు.

ఏ పొరపాటు?

పక్కింటి సాంబయ్య బావ పరిగెత్తుకొచ్చాడు. "బావా, నీ గొంతు భలే వచ్చిందయ్యా!"

"అది సరే, ఆయన ఏ మందు కొట్టమన్నాడు?"

"ఏమో! మాట్లాడింది నువ్వేనని మా ఆవిడకి చెబుతున్నా. ఎవడు విన్నాడు?"

చల్లపల్లిలో పురుగుమందుల కొట్టాయనా అంతే. నేను "నమస్కారమండీ" అన్న తీరు నాకే చేసి చూపించాడు, జవాబు మాత్రం గుర్తులేదట. ఇంతమంది ఇంత శ్రద్ధగా చూశారు, నేర్చుకున్నవాడు ఒక్కడూ లేడు.

తర్వాతి వారం మళ్ళీ ఫోన్ చేశాను. ఈసారి టీవీ కట్టలేదు, సౌండ్ మాత్రమే తగ్గించాను. ఆ అమ్మాయి గొంతు గుర్తుపట్టేసింది.

"ఓ, మొవ్వ బాబాయి గారా! పోయిన వారం సార్ చెప్పింది పనిచేసిందా అండీ?"

వినలేదమ్మా అనాలి. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఊరంతా చూస్తోంది కదా! పైగా చేను కాలవ అవతల, ఎవరు చూడొచ్చారు!

"భేషుగ్గా పనిచేసిందమ్మా! చేను కళకళలాడిపోతోంది!"

"చాలా సంతోషమండీ" అని పెట్టేసింది. ఇంక అడగడానికేముంది?

మర్నాడు పొద్దున్నే తలుపు తీస్తే సాంబయ్య బావ. వెనకాల ఊళ్ళో మినుము వేసినవాళ్ళంతా. వాళ్ళ చేలూ పసుపు తిరుగుతున్నాయట. "ఆ మందు పేరేంటో చెప్పు బావా, నీకు పుణ్యం ఉంటుంది."

అందరి వంకా ఓసారి చూశాను. ఒళ్ళు మండిపోయింది.

"టీవీలో అంత వివరంగా చెబితే, వినకుండా ఏం చేస్తున్నారయ్యా మీరంతా?" అని కసిరాను.