డాక్టరు చెప్పని మాట

ఆ రోజుల్లో మా పాలెంలో పుస్తకం పట్టుకుని కనిపించేవాణ్ణి నేనొక్కణ్ణే. బడి చదువు ఐదో తరగతితో ఆగింది. చేపల వేట లేని రోజుల్లో బోగోలు దాకా నడిచి లైబ్రరీలో కూర్చునేవాణ్ణి. ప్రాచీన గ్రీసు చరిత్ర అక్కడే చదివాను. పడమటి దేశాల ఎన్నికలు, నాటకాలు, ఆటల పోటీలు, వైద్యం, అన్నిటికీ మూలం ఆ గ్రీకులేనని తెలిశాక, చేపలు ఆరబెట్టే ఆడవాళ్ళను కూడా ఆపి ఆ సంగతి చెప్పేవాణ్ణి.

అప్పుడే మా అన్న ముంజేతి మీద పాలిపోయిన మచ్చ లేచింది. తాడు ఒరుసుకుని తోలు ఊడినా అక్కడ నొప్పి తెలిసేది కాదు. నెల్లూరు వెళ్ళి బిళ్ళలు తెచ్చుకున్నాడు. ఏ జబ్బో ఇంట్లో కూడా చెప్పలేదు. పెద్దరోగం, అదే కుష్ఠు, ఉన్నవాణ్ణి పడవ ఎక్కనివ్వకూడదని మా కట్టుబాటు. అన్నకు పడవ తప్ప మరో బతుకు లేదు.

ఆ మచ్చ చూసి పాలెంలో అనుమానం పుట్టింది. పంచాయతీ నడిపే మా పెద్దకాపు నన్ను వెంటబెట్టుకుని నెల్లూరు ఆసుపత్రికి వచ్చాడు. డాక్టరు మర్యాదగా కూర్చోబెట్టి, రోగి సంగతి రోగికి తప్ప ఎవరికీ చెప్పనన్నాడు. ఎంత అడిగినా అదే మాట.

బయటికొచ్చాక నేను ఊరుకోలేకపోయాను. రోగి గుట్టు బయటపెట్టబోమని గ్రీకు వైద్యులు దేవుళ్ళ మీద ప్రమాణం చేసేవారనీ, రెండు వేల ఏళ్ళు దాటినా ఇంగ్లీషు వైద్యం చదివినవాళ్ళు ఆ మాటకు కట్టుబడి ఉంటారనీ చెప్పాను. పెద్దకాపు ఓపిగ్గా విన్నాడు.

"లేకుంటే లేదని చెప్పేస్తాడు గదా అబ్బయా. ఉండబట్టే దాచినాడు."

లేకపోయినా చెప్పడని వాదించాను. మా పంచాయతీలో నిలబెట్టి అడిగినప్పుడు నోరు విప్పకపోతే ఒప్పుకున్నట్టే. డాక్టరు విషయంలోనూ అలాగే అనుకున్నారు. ఆ సాయంత్రమే తీర్పు చెప్పారు. అన్న పడవ ఎక్కకూడదు, వల ముట్టకూడదు, బావి దగ్గరికి రాకూడదు.

సరుగుడు తోపు అవతల తాటాకు గుడిసె వేసుకున్నాడు. వదిన పిల్లలతో పుట్టింటికి పోయింది. నేను గంజి తీసుకెళ్ళినప్పుడు అసలు సంగతి చెప్పాడు. అది పెద్దరోగమే. ఇప్పుడే మొదలైందనీ, బిళ్ళలు మానకుంటే నయమవుతుందనీ డాక్టరు అన్నాడట. ఎవరికీ చెప్పొద్దని అన్నే బతిమాలాడట.

గంజి తాగి అడిగాడు.

"నీ గ్రీకులు నా మాదిరోళ్ళను ఏం చేసినార్రా?"

ఆ పుస్తకంలో అదీ ఉంది. ఊరికి కీడు వచ్చిందనుకుంటే, దిక్కులేనివాణ్ణి ఒకణ్ణి ఎంచి, కొట్టి, పొలిమేర దాటించేవాళ్ళట.

"తరిమేవోళ్ళన్నా," అన్నాను.

అన్న తల ఊపాడు. చేతులు ఊరికే ఉండలేకపోతున్నాయనీ, చినిగిన వల ఏదైనా తెచ్చిస్తే అల్లిపెడతాననీ అన్నాడు. మా వల నలుగురి ఉమ్మడిది, నేనొక్కణ్ణే తీసి ఇవ్వడానికి లేదు. పాలెంలో ఇల్లిల్లూ తిరిగాను. చినిగిన వలలు అందరి దగ్గరా ఉన్నాయి. ఒక్కరూ ఇవ్వలేదు.