తొలి రోజు రాసిన చూపు

1997 జూన్‌లో మెదక్ పట్టణంలోని ఒక చిన్న కంటి ఆస్పత్రిలో ఆప్తాల్మిక్ అసిస్టెంటుగా చేరాను. డాక్టరు గారు హైదరాబాదు నుంచి వారానికి రెండు రోజులు వచ్చేవారు. రోగి చూపు కొలిచి చీటీ మీద రాయడం నా పని, కంటి లోపల చూసి జబ్బు తేల్చడం ఆయన పని. తీరిక దొరికితే గ్రంథాలయానికి వెళ్లి, నిఘంటువు పక్కన పెట్టుకుని కంటి జబ్బుల ఇంగ్లిషు పుస్తకం చదివేవాణ్ణి. రెటీనా అధ్యాయం మూడుసార్లు పూర్తిచేశాను.

ఆ వానాకాలంలో దర్జీ యూసుఫ్ సాబ్ వచ్చారు. ఎడమకన్ను చిన్నప్పుడే గాయమై పోయింది. ఇప్పుడు కుడికంటికీ మసక కమ్మింది. ఆరు మీటర్ల దూరంలో కూర్చోబెట్టి తెలుగు అక్షరాల చార్టు చూపితే, పై వరుసలోని పెద్ద అక్షరం కూడా సాఫ్‌గా లేదన్నారు. అలాంటప్పుడు రోగిని మీటరు మీటరు చొప్పున ముందుకు జరపాలి. జరిపాను. అదే జవాబు. చివరికి మీటరు దూరంలో వేళ్లు చూపితే లెక్కపెట్టారు. అదే రాశాను.

రెటీనాలో సిర మూసుకుపోయి రక్తం చిమ్మిందని డాక్టరు గారు తేల్చారు. బీపీకి మందులు రాసి, మూడు నెలలు చూద్దామన్నారు.

బయటికొచ్చాక యూసుఫ్ సాబ్ నన్ను ఒకటే అడిగారు. "మళ్ల కత్తెర వడ్తనా సార్? ఉన్నది ఉన్నట్టు చెప్పుండ్రి."

డాక్టరు చెప్పని మాట నేను చెప్పాను. ఈ జబ్బులో తర్వాత మిగిలే చూపును మొదటి రోజు చూపే చాలావరకు చెబుతుందని పుస్తకంలో ఉంది. వేళ్ల లెక్క దగ్గర మొదలైన కన్ను పెద్దగా తేరుకోదని, ఆశ పెట్టుకోవద్దని అన్నాను.

మూడు నెలలకు మళ్లీ వచ్చారు. అప్పటికి అక్షరాల చార్టు తడిసి చిరిగింది. దాని స్థానంలో చదువు రానివారికి వాడే, ఇంగ్లిషు 'ఈ' అక్షరంలా మూడు గీతల గుర్తులుండే చార్టు తగిలించాను. గుర్తు ఎటువైపు తెరుచుకుని ఉందో చేత్తో చూపితే చాలు. ఆయన నాలుగో వరుస దాకా తప్పు లేకుండా చూపారు. ఇంత మెరుగు అరుదని డాక్టరు గారు సంతోషించారు. యూసుఫ్ సాబ్ నవ్వలేదు.

"మొదటి దినమే గిది పెట్టాల్సుండె సార్. నాకు తెలుగు అచ్చరాలు రావు, నేను చదివింది ఉర్దూల. ఆ దినం ఎన్క లైన్ల నా గిరాకీలే నిలవడ్డరు. నా దుకాన్ మీద బోర్డే తెలుగుల ఉంటది. గందరి ముంగట నాకు రాదని ఎట్ల అనాలె?"

ఆయన తెలుగు ధారాళంగా మాట్లాడతారు కాబట్టి చదువుతారా అని అడగాలని నాకు తోచలేదు.

అయితే తొలి రోజు అసలు చూపెంత అని డాక్టరు గారు అడిగారు. చీటీ మీద వేళ్ల లెక్క తప్ప మరేమీ లేదు. కన్ను కోలుకుందో, మొదట్లోనే అంతగా చెడలేదో ఇక తేల్చే దారి లేకపోయింది.

అప్పటికే ఆయన నా మాట నమ్మి దుకాణాన్ని బావమరిదికి అప్పగించారు. తిరిగి అడగమన్నాను.

"నలుగుర్ని పిలిచి ఇచ్చిన సార్. ఇప్పుడు వాపస్ తే అంటె ఏం బాగుంటది?"

ఆ తర్వాత ఆ దుకాణంలో ఆయన టేపుతో కొలతలు తీసి చెబుతుంటే, బావమరిది గుడ్డ కోసేవాడు.

పుస్తకంలోని నియమంలో పొరపాటు లేదు. దానికి నేనిచ్చిన కొలతలో ఉంది. అప్పటినుంచి రిటైరయ్యేదాకా, చూపు పక్కన ఏ చార్టుతో కొలిచానో కూడా రాశాను. ఏ లిపి చదువుతారో ప్రతి రోగినీ ముందే అడిగాను. ఆ ప్రశ్నను మాత్రం వరుసలో నిలబెట్టి అడగలేదు, లోపలికి పిలిచి అడిగాను.