కాశీలో వదిలిన శెనక్కాయ

కాశీకి పోయినవాళ్ళు ఇష్టమైనది ఏదైనా అక్కడ వదిలి రావాలంటారు. మా ఊళ్ళో పోయివచ్చినవాళ్ళంతా కాకరకాయో సొరకాయో వదిలేసి గట్టెక్కినవాళ్ళే. మా నాయన మాత్రం వేరుశనగ వదిలాడు. అనంతపురం జిల్లా మెట్టరైతు, శెనక్కాయంటే ప్రాణమిచ్చే మనిషి, దాన్ని వదలడమేమిటి? నాకప్పట్లో అంతా అయోమయమే.

అవ్వ చనిపోయిన ఏడాది, ఆమె అస్థికలు గంగలో కలపడానికి నాయన నన్ను వెంటబెట్టుకుని వెళ్ళాడు. అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. బిడ్డకు హిందీ వచ్చు కదా అని ఆయన ధీమా. నా బడి హిందీ కాశీలో ఎవరికీ అర్థం కాలేదు, వాళ్ళ హిందీ నాకు అర్థమైతే ఒట్టు. సందులన్నీ ఒకేలా ఉన్నాయి. పొద్దున పోయిన దారినే తిరిగొస్తే వేరే ఘాట్ దగ్గర తేలాం. ఒక పక్క చితి కాలుతోంది, ఇంకో పక్క వేడివేడిగా పూరీలు వేయిస్తున్నారు. ఏడవాలో తినాలో తెలియలేదు. తిన్నాను.

కర్మలన్నీ అయ్యాక, వాటిని చేయించిన పండా ఏదో అడిగాడు. "ఇష్టమైందేదో ఇడిసిపెట్టాలంట నాయనా," అన్నాను. కాకరకాయ అంటాడనుకున్నాను. నాయన గంగ వైపు చాలాసేపు చూసి, "శెనక్కాయ," అన్నాడు. హిందీలో దాన్నేమంటారో గుర్తుకు రాక, వేళ్ళతో ఒలిచి నోట్లో వేసుకున్నట్టు చూపించాను. పండా తలూపి, నాయన దోసిట్లో నీళ్ళు పోయించి, సంస్కృతంలో ఏదో పలికించాడు. అందులో శెనక్కాయ ఎక్కడుందో దేవుడికే తెలియాలి.

ఇంటికొచ్చాక మొదలైంది అసలు భాగోతం. మా ఇంట్లో శెనక్కాయ లేని కూరుందా, పచ్చడుందా? వంటనూనె కూడా అదే. అమ్మ గొణుక్కుంటూ ఆయనొక్కడికే వేరే నూనెతో వండిపెట్టింది. అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత వాన పడింది. మంచి పదును. ఆ తడి ఆరేలోగా విత్తనం వేయకపోతే ఇక ఆ ఏటికి చేను బీడే. ఊరంతా గొర్రు కట్టి విత్తుతోంది. నాయన అరుగు మీదినుంచి లేవలేదు.

"ఏమయ్యా, చేనికి పోవా?" అంది అమ్మ.

"యాడికి పోయేది? కాశీలో ఇడిసొచ్చినా గదా."

"ఇడిసింది తినేదా, ఏసేదా?"

నాయన నా వైపు చూశాడు. నేను చూపించింది తినడమే. కానీ ఆయన మనసులో ఏమనుకున్నాడో, పండాకు ఏమర్థమైందో, గంగమ్మకు ఏది చేరిందో! గుడి పూజారిని అడిగితే, "సంకల్పం ఎట్ల చెప్పుకుంటే అట్లే," అని చేతులు దులుపుకున్నాడు.

అమ్మకు ఒళ్ళు మండింది. "ఎద్దులు తినేది గూడా కాయ రాల్చినాంక మిగిలే శెనక్కాయ కట్టే. వాటినీ పస్తు పెడతావా? నువ్వు ఇడిస్తే ఇడువు. నేను కాశీకీ పోలేదు, ఏమీ ఇడవలేదు!" అని, కదిరి నుంచి తన తమ్ముణ్ణి పిలిపించింది. మామ గొర్రు తోలాడు. అమ్మ వెనకాలే నడుస్తూ విత్తనం పోసింది. ఎవరి పక్షాన నిలబడాలో తెలియక నేను గట్టు మీద కూర్చున్నాను.

మొలకలొచ్చాక ఒకరోజు నేనూ అమ్మా పోయి చూస్తే, నాయన చేలో వంగి కలుపు తీస్తున్నాడు.

"ఇదేంది? ఇడిసినావు గదా?" అంది అమ్మ.

"కలుపు ఇడిసినానా ఏమి?"

అమ్మకు నవ్వాగలేదు. కానీ పూత రాలి, ఊడలు భూమిలోకి దిగి కాయ కట్టే వేళకు వాన ముఖం చాటేసింది. పైరు నిలువునా ఎండింది. ఒక సాయంత్రం ఆ చేలోనే అడిగాను, నిజంగా ఆడ ఏమి ఇడిసినావు నాయనా అని.

ఆయన ఒక మొక్క పీకి చూశాడు. కాయ లేదు. "అన్ని నీళ్ళు పాపా! ఊరికే పోతాండాయి. మనకు ఒక్క వాన తక్కువై ఏండ్లకేండ్లు చేను ఎండిపోయె గదా అని కడుపు మండింది. ఆ కోపంలో నోటికొచ్చింది అంటిని. తినేదో ఏసేదో నాకే తెలీదు."

నాకు ఏడుపొచ్చింది. గంగను చూసి అందరూ దండం పెడుతుంటే, ఈయన అలిగాడన్నమాట.

మరుసటి ఏడు వాన పడగానే అందరికంటే ముందు ఆయనే గొర్రు కట్టాడు. "ఏసేది ఇడవలేదులే," అని తనకు తానే తేల్చేసుకున్నాడు. ఆ ఏడు పంట నిలబడింది. అమ్మ కొత్తకాయలు ఉడకబెట్టింది. నాయన ఒక్కొక్కటే ఒలిచి గింజలు అమ్మ చేతిలో వేస్తున్నాడు. తను మాత్రం ఒక్కటీ నోట్లో వేసుకోలేదు.

"తినబ్బా," అంది అమ్మ. "గంగ ఈడిదాకా వచ్చి చూస్తుందా ఏమి?"

"రానీ," అన్నాడు నాయన. "ఈడిదాకా వస్తే, ఆ పొద్దే తింటా."