కంచె మీది టోపీ

రోజూ పొద్దున్నే కూతురు కేటోని తోపుడుబండిలో కూర్చోబెట్టుకుని నతేలా మా వీధిలోంచి ట్రాము ఎక్కడానికి వెళుతుంది. జార్జియా దేశం నుంచి మా గ్రాట్స్ ఊరికి వచ్చి రెండేళ్ళయింది. ఒక చేత్తో బండి తోస్తూ, రెండో చేత్తో పిల్ల నెత్తిన ఉన్ని టోపీని అదిమిపట్టి ఉంచుతుంది. ఆ చెయ్యి కాస్త ఏమరితే చాలు, ఏడాదిన్నర కేటో టోపీ పీకి వీధిలోకి విసిరేస్తుంది. సాయంత్రానికి దాన్ని ఎవరో ఒకరు కంచె కర్రకి తొడిగి ఉంచుతారు. దొరికినదాన్ని అలా కంటపడేలా పెట్టడం మా ఊరి అలవాటు. టోపీ లేని పిల్ల కనబడితే తల్లికి చీవాట్లు పెట్టడమూ అలవాటే. అందులో మూలయింటి ప్రెట్లర్ మామ్మది పెద్ద నోరు. గేటు దగ్గర నిలబడి, బూడిదరంగు తొడుగు వేసుకున్న చెయ్యి ఆడిస్తూ, "దాని చెవులు గడ్డకట్టుకుపోతున్నాయి, కళ్ళు కనబడటం లేదూ నీకు?" అని అరుస్తుంది. "సరేనండీ," అని నతేలా తల వంచుకుంటుంది. మలుపు తిరిగాక కళ్ళు తుడుచుకుంటుంది. "ఇక్కడ అందరి కంటికీ నేను చేతకాని తల్లినే," అంది నాతో ఒకసారి.

మొన్న మంచు పడుతున్న పూట కంచె కర్రకి టోపీ బదులు ఆ బూడిదరంగు చేతి తొడుగు కనిపించింది. నతేలా దాన్ని తీసుకుని, పిల్ల బండి తోసుకుంటూ వెళ్ళి మామ్మ ఇంటి తలుపు కొట్టింది. తలుపు తీసిన మామ్మవి ఎర్రగా కమిలిపోయిన ఆ ముసలి వేళ్ళు చూసేసరికి నతేలాకి ఒళ్ళు మండింది.

"ఈ వయసులో, ఇంత చలిలో ఉత్త చేత్తో తిరుగుతారా? చెప్పేవాళ్ళెవరూ లేరా మీకు?"

"లేరే అమ్మాయ్," అంది మామ్మ మెల్లగా. ఆ వెంటనే గొంతు పెంచింది.

"ఇంకా గుమ్మంలోనే నిలబడ్డావేం? లోపలికి రా. పిల్ల టోపీ ఏదీ?"