రాయపురంలో పడని వాన

ఆ ఏడు జూను నెలలో రాయపురంలో ఎవరూ గొడుగు తెరవలేదు. తిరువేంగడం చూసే వాన కొలిచే గేజీలో మాత్రం రోజూ వాన పడుతూనే ఉంది.

రేవుకు దగ్గరలో ఒక ఆఫీసు. దాని ఆవరణలో ముళ్లకంచె వేసి తాళం పెట్టిన చిన్న జాగా. అందులో భూమిలో సగం పాతిన జింకు గొట్టం, దాని మీద గరాటు, అది వానకు. పక్కనే కాళ్ల మీద నిలబెట్టిన తెల్లని చెక్కపెట్టె, లోపల ఉష్ణమాపకాలు, అది ఎండకు. ప్యూను పనితో పాటు రోజూ ఎనిమిదిన్నరకు ఈ రెండూ చూసి పుస్తకంలో రాయడం పద్నాలుగేళ్లుగా తిరువేంగడం బాధ్యత. గొట్టం అడుగున చేరిన నీళ్లను కొలతగాజులో పోసి, కంటికి సమంగా ఎత్తి, అంగుళంలో నూరోవంతు ఒక సెంటు చొప్పున లెక్క చెప్పేవాడు. వీధిలో అందరికీ ఆయన ‘వానాయన’. ఆ పేరంటే ఆయనకు లోలోపల ఎంత గర్వమో భార్య కనకవల్లికి మాత్రమే తెలుసు.

జూను మూడో తేదీన పది సెంట్లు వచ్చింది. నాలుగున పన్నెండు. ఐదున తొమ్మిది. తాను నిద్రపోతుండగా చిన్న జల్లు పడిందేమో అనుకున్నాడు మొదట. మూడో రోజు గరాటులో చెయ్యి పెట్టి తడిమాడు, వేళ్లకు తడి తగిలింది. ఉన్నది ఉన్నట్టు రాయడమే అలవాటు కనుక రాశాడు.

నెల సగానికి హెడ్‌క్లార్కు జనార్దనం పిలిపించాడు. ప్రతి నెలా ఎండా వానా నార్మల్‌తో పోల్చి పట్టీ కట్టేది ఆయనే.

“ఏమయ్యా, చుట్టుపక్కల గేజీలన్నీ సున్నా. వరుణదేవుడు నీ ఒక్కడికే చుట్టమా?”

“నీళ్లు ఉండాయి సార్. కొలిచే రాసినాను.”

“నువ్వు రాసిన ఎండ కూడా చూడు. నూటయిదు. నార్మల్‌కు అయిదు డిగ్రీలు పైన. రోజూ వాన పడే చోట ఇంత ఎండ కాస్తుందా? కూర్చున్న చోటే రాస్తున్నావా, లేక ఎవరైనా పోస్తున్నారా? ఒకటో తేదీలోగా తేల్చు. లేకపోతే తాళంచెవి ఇక్కడ పెట్టి వెళ్లు.”

పోస్తున్నారు. ఎవరు?

గేటు కాపలా కాటయ్య నెల్లూరు వైపు నుంచి వచ్చి రెండేళ్లయింది. ‘ఆ గొట్టం చూసేదానికి ఎంత చదువు కావాలన్నా?’ అని ఒకసారి అడిగాడు. అప్పుడు నవ్వి ఊరుకున్న మాట ఇప్పుడు ముల్లులా గుచ్చుకుంది. కంచె పక్క కుళాయి దగ్గరే రోజూ వాడెందుకు ముఖం కడుక్కుంటాడు? తాళంచెవి లేకున్నా కంచె దాటడం వాడికెంత పని? తనను చూడగానే ఎందుకు దగ్గుతాడు? వాడిచ్చే తమలపాకులు తీసుకోవడం మానేశాడు. ఇరవయ్యో తేదీన జనార్దనం ముందుకు వెళ్లి నిలబడ్డాడు.

“కాటయ్యే సార్. నా పని మీద వాడి కన్ను.”

“చూసినావా?”

“చూసినట్టే సార్.”

నెలాఖరుకు కాటయ్యను పంపేయాలని నిశ్చయమైంది. తెల్లవారుజాము కాపలా నుంచి ఆ రోజే తప్పించారు. సాయంత్రం కాటయ్య ఎదురుపడ్డాడు.

“అన్నా, నేను పోసుంటే ఈ చెయ్యి పడిపోవాల. నా ముఖం చూసి చెప్పు, నేనేనా?”

తిరువేంగడం ముఖం చూడకుండానే వెళ్లిపోయాడు.

మర్నాడు ఉదయం గేజీలో మళ్లీ పదకొండు సెంట్లు.

ఆ మర్నాడు వెలుగు రాకముందే బొగ్గుల షెడ్డు వెనక నక్కి కూర్చున్నాడు. కాసేపటికి వెనకనున్న తమ క్వార్టర్సు వైపు నుంచే ఎవరో వచ్చారు. తాళం తీశారు. అటూ ఇటూ చూసి, ఉగ్గుగిన్నెడు నీళ్లు గరాటులో పోసి దండం పెట్టుకున్నారు.

“వల్లీ!”

గిన్నె కింద పడింది. “అరవబాకయ్యా, నలుగురూ వింటారు,” అంది కనకవల్లి.

“నువ్వా? ఎందుకే?”

“నువ్వేగా చెప్పింది, నీ కొలత నార్మల్‌కి తక్కువని ఎర్రసిరాతో రాసినారని! ఏప్రిల్లో అదే, మేలోనూ అదే. ఆ పొద్దు కూడు కూడా తినలేదు నువ్వు. రేషన్ అంగట్లో బియ్యం తగ్గితే కొలిచేవాణ్నే కదా తిడతారు? నెలకింత రావాలని సర్కారు పెట్టినాక, తగ్గితే నీ పని ఉంటుందా? ఆ సంగతి సరే, ఇంకా ఎంత తక్కువుండాది?”

తిరువేంగడానికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. “అది రావాల్సిన కొలత కాదే. ఇన్నేళ్లు పడిన వానకి సగటు. తగ్గితే తప్పు ఎవరిదీ కాదు.”

“ఎవురి తప్పూ కాకుంటే ఎర్రసిరా ఎందుకంట?”

ఆయన కింద పడిన గిన్నె తీసి ఆమె చేతిలో పెట్టి ఇంటికి పంపాడు.

ఇక నీళ్లు పోయవద్దని వల్లికి చెబితే ఇక్కడితో అయిపోతుంది. కాటయ్య పోతాడు, నీళ్లు ఆగుతాయి, వాడే పోశాడని అందరూ నమ్ముతారు. తాళంచెవి తన ఇంట్లోనే ఉంటుంది. ఎనిమిదిన్నర దాకా తిరువేంగడం కంచె దగ్గరే నిలబడి ఇదంతా ఆలోచించాడు. తర్వాత పుస్తకం చంకన పెట్టుకుని జనార్దనం దగ్గరకు వెళ్లి అంతా చెప్పేశాడు.

జనార్దనం ఎర్రసిరా కలం తీశాడు. ఆ నెల వాన అంకెలన్నీ అడ్డంగా కొట్టేసి, పట్టీలో రాయపురం గడి ఖాళీగా వదిలాడు.

“కాటయ్య ఉంటాడు. తాళంచెవి మాత్రం నీ ఇంట్లో ఉండే వీల్లేదు. వాడికి పని నేర్పు.”

తిరువేంగడం నేర్పాడు. గాజులో నీళ్ల అంచు చూడకూడదు, మధ్యలో దిగిన చోటు చూడాలి అని రెండుసార్లు చెప్పాడు. కాటయ్య శ్రద్ధగా విని, లేచి దుమ్ము దులుపుకున్నాడు.

“సరే అన్నా. రేపటి నుంచి ఏ షెడ్డు వెనక కూర్చుంటావు?”

“పో రా,” అన్నాడు గానీ, మర్నాడు ఎనిమిదిన్నరకు వంటింటి కిటికీ దగ్గరకు చేరకుండా ఉండలేకపోయాడు. కాటయ్య వెనక్కి తిరగకుండానే కొలతగాజు పైకెత్తాడు.

“సున్నా అన్నా! నమ్మకం లేకుంటే వచ్చి చూసుకో!”

తిరువేంగడం చెప్పులు వేసుకుని వెళ్లి చూసుకున్నాడు. సున్నాయే.