ఎత్తు బండి, నిమ్మకాయ

జీపు బండిని నారాయణగూడ మెకానిక్ షెడ్డుల ఇచ్చి, అశోక్ నగర్ పోనీకె బస్సెక్కిన. పక్క సీటాయన కుడిచేతికి పెద్ద కట్టు ఉన్నది. నా ఫోన్ల బండి ఫోటో చూసి, "ఏం చేపిస్తున్నరు సార్?" అన్నడు.

"నాలుగు ఇంచులు ఎత్తు లేపిస్తున్న. టైర్లు గూడ పెద్దయి ఏపిస్తున్న," అన్న, జర గొప్పగనే.

"నేను గుడి ముంగట, పూజకొచ్చిన బండ్ల టైర్ల కింద నిమ్మకాయలు పెడ్త సార్. పోయిన నెల గసొంటి ఎత్తు బండే ఒకటొచ్చింది. ముందు టైరు కింద కాయ పెట్టనీకె వంగిన. అంత ఎత్తుల కూసున్న బండాయనకు నేను కనబడలె, కదిలిచ్చిండు. మూడు వేళ్లు పోయినయ్."

"ఆయన దిగిండా?"

"లేదు. అద్దం దించి అడిగిండు, నిమ్మకాయ నలిగిందా అని."

"నేనైతె పూజ చేపియ్య," అన్న.

ఆయన నవ్విండు. "చేపియ్యండ్రి సార్. ఇంకో చెయ్యి ఉన్నది కద," అని చిక్కడపల్లిల దిగిపోయిండు.

వారానికి బండొచ్చింది. ఇంట్లోళ్లు ఊకోలె, గుడికి తీస్కపోయిన. కాయలు పెట్టినోడు ఎవడో, ఎట్లుంటడో, సీట్లకెళ్లి నాకు కనబడలె. బండి ముందుకు పోనిచ్చి, అద్దం దించి అడిగిన, అన్నీ నలిగినయా అని.