అమ్మ పక్క దిమ్మ

నేను హల్దియాపదర్‌లో ప్లస్ టూ పిల్లలకి లెక్కల ట్యూషన్ చెబుతాను. ఈ రోజు ఉదయం అమ్మే నన్ను ఒక లెక్క అడిగింది.

బరంపురంలో కొత్తగా కట్టిన చేపల బజారులో ఒకే వరసలో ఆరు సిమెంటు దిమ్మలున్నాయి. చేపలు అమ్మేది ఆరుగురు ఆడవాళ్లు. ఎవరికి ఏ దిమ్మో చీటీలు తీసి ఇస్తున్నారు. వాళ్లలో మా అమ్మతో పాటు పిన్ని కూడా ఉంది. అమ్మకీ, తన చెల్లెలైన పిన్నికీ రెండేళ్లుగా మాటల్లేవు.

“దాని దిమ్మ నా పక్కనే పడతాదేటే?” అంది అమ్మ.

“ఆరుగురు 720 రకాలుగా కూర్చోవచ్చు. అందులో మీరిద్దరూ పక్కపక్కన వచ్చేవి 240. అంటే మూడింట ఒక వంతే. భయపడకు,” అన్నాను.

చీటీలు తీశారు. అమ్మకి మూడో దిమ్మ, పిన్నికి నాలుగోది.

“ఏటే నీ లెక్క?”

“లెక్క సరిగ్గానే ఉందమ్మా. ఆ ఒక వంతే వచ్చింది.”

“మరి ఆ రెండొంతులూ ఎవులికొచ్చినాయి?”

టైమైందంటూ ట్యూషన్‌కి వెళ్లిపోయాను.

సాయంత్రం బజారుకి వచ్చి చూస్తే అమ్మ కనబడలేదు. ఆవిడ చేపలు కూడా పిన్నే అమ్ముతోంది.

“మీ అమ్మ టీకి ఎల్లింది. నాకూ తెస్తాది,” అంది పిన్ని, నా వైపు చూడకుండానే.

ముందు ఎవరు మాట్లాడారో ఇద్దరూ చెప్పడం లేదు. వీళ్లు కలిసే సంభావ్యత సున్నా అనుకున్నదాన్ని నేను. మీ ఇళ్లలో ఇలాంటి మౌనాలు ఎలా తెగాయో చెప్పండి, ఒక్క ఉదాహరణతో సూత్రం రాయలేను.